తాక్యో తలలో రొద

ఆ ఆదివారం పొద్దున తాక్యో వేసుకున్న పథకంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఏడింటికి కాఫీ, రెండు రొట్టెలు. ఎనిమిదింటికి గిటారుకి కొత్త తీగలు. పదింటికల్లా పాటంతా ఒకసారి వాయించి చూసుకోవడం. మధ్యాహ్నం చిన్న కునుకు. నాలుగింటికి బాస్కెట్‌బాల్ కోర్టులో వేసిన స్టేజీ. రేవు పట్నం ఒలొంగపోలో వాళ్ళ పేట పునీతుడి పండుగ ఆ రోజు. పేట పెద్ద కపితాన్ డొమినాడోర్ ఆయనకి పది నిమిషాలు ఇచ్చాడు, పిల్లల డాన్సుకీ పంది మాంసం వడ్డనకీ మధ్య.

ఆ పది నిమిషాల విలువ తాక్యోకి తప్ప ఎవరికీ తెలియదు. ఆయన ఇరవై రెండేళ్ళు విహార నౌకల్లో గిటారు వాయించాడు. ఎప్పుడూ భోజనాల హాల్లోనే. ఇరవై రెండేళ్ళలో ఆయన పాట విని చెంచా ఆపినవాడు ఒక్కడూ లేడు. అరవై ఏళ్ళు నిండేసరికి ఓడవాళ్ళు ఒక గడియారం చేతిలో పెట్టి దింపేశారు. పెళ్ళి చేసుకోవడానికి ఏ రేవులోనూ తీరిక దొరకలేదు. తిరిగొచ్చేసరికి ఊళ్ళో తోటి వాద్యగాళ్ళు కొందరు పోయారు, కొందరు కూతుళ్ళ దగ్గరికి వెళ్ళిపోయారు. మూడేళ్ళుగా పైఅంతస్తులో రెండు గదుల్లో ఒక్కడే ఉంటున్నాడు. ఓడలో పగలూ రాత్రీ కాళ్ళ కింద ఇంజను మోగేది. ఇక్కడ ఏమీ మోగదు. మొదటి ఏడాది ఆ నిశ్శబ్దానికే ఆయనకి నిద్ర పట్టేది కాదు.

ఇన్నాళ్ళకి, తినడం మొదలెట్టకముందే జనం తన పాట వింటారు. ఓడలో తను ఒంటరిగా కట్టుకున్న పాట, ఇంతవరకూ ఎవరికీ వినిపించనిది. దాని కోసమే పోయిన వారం ఒక ఎఫెక్ట్స్ ప్రాసెసర్ కొన్నాడు. గిటారు గొంతుని నూతిలోంచి వచ్చినట్టో, కొండల మధ్య మోగినట్టో మార్చి పెట్టే పెట్టె అది. సెకండ్ హ్యాండ్‌ది.

ఎనిమిదిన్నరకి గిటారు తీసి దానికి కలిపాడు. దాన్ని తన పాత యాంప్లిఫయర్‌కి కలిపాడు. స్విచ్ వేశాడు.

ఉమ్‌మ్‌మ్.

గాజు సీసాలో పడ్డ కందిరీగ లాంటి రొద. పెట్టె తీసేసి గిటారు నేరుగా కలిపితే లేదు. పెట్టె పెడితే ఉంది. శబ్దం తగ్గిస్తే రొదతో పాటు పాటా తగ్గింది. పెట్టెలో రొదని ఆపే 'గేటు' అని ఒకటుంది. అది వేస్తే రొద ఆగింది గానీ, ప్రతి స్వరం చివరా కత్తిరించినట్టు తెగిపోయింది. తీగల మీద అరచెయ్యి ఆనిస్తే తగ్గింది. చెయ్యి తీస్తే మళ్ళీ మొదలు. వైర్లు చూద్దామంటే చెయ్యి తీయాలి, చెయ్యి తీస్తే రొద ఎక్కడ తగ్గిందో తెలియదు. పక్కన ఇంకొక మనిషి, కాసేపు తీగల మీద చెయ్యి పెట్టి నిలబడేవాడు, ఒక్కడు ఉంటే చాలు. అలాంటి మనిషి కోసం గది నాలుగు మూలలా చూశాడు, అలవాటు కొద్దీ.

ఫోన్‌లో 'పాత వాద్యగాళ్ళు' అని పదకొండు మంది గ్రూపు ఒకటి ఉంది. ఎనిమిది నెలలుగా అందులో ఎవరూ ఏమీ రాయలేదు. వాళ్ళలో వాళ్ళకి యాంప్లిఫయర్ పై పెట్టెని 'తల' అనడం అలవాటు. కళ్ళజోడు ఎక్కడుందో వెతికే ఓపిక లేక, తాక్యో ఫోన్‌ని చేయి చాచినంత దూరంలో పట్టుకుని ఇలా రాశాడు:

"మిత్రులారా, పొద్దుట్నుంచీ తలలో ఒకటే రొద. చేత్తో గట్టిగా పట్టుకుంటే తగ్గుతుంది, వదిలితే మళ్ళీ మొదలు. పక్కన ఎవరూ లేరు. ఒక్కణ్ణే భరించలేకపోతున్నా. నాలుగు లోపు ఏదో ఒకటి తేలాలి. ఇక భూమికి కలిపెయ్యడం తప్ప నాకు దారి కనిపించడం లేదు."

రాసి పంపాడు. అయితే అది వెళ్ళింది పాత వాద్యగాళ్ళకి కాదు. ఆ క్షణానే ఎవరో పండుగ వంటల పట్టిక పెట్టడంతో 'మన పేట' గ్రూపు జరిగి పైకొచ్చి కూర్చుంది. అందులో రెండువందల పద్నాలుగు మంది ఉన్నారు.

మొదట చదివింది ఆలింగ్ మామెంగ్. తాక్యో ఇంటి కిందగదిలో ఆమెకి చిల్లర కొట్టు. భర్త పోయి తొమ్మిదేళ్ళు. మూడేళ్ళుగా వాళ్ళిద్దరి మధ్య నడిచిన సంభాషణంతా "గుడ్లున్నాయా?", "ఉన్నాయి కుయా" అన్నంత వరకే. కుయా అంటే అన్నయ్య, ఆలింగ్ అంటే పెద్దావిడని పిలిచే మర్యాద మాట. ఆమె ఫోన్ రెండుసార్లు చదివింది. కొట్టు జాలీ తలుపు వేసి, పేట ఆరోగ్య కార్యకర్త రోవెనా ఇంటికి చెప్పుల్లేకుండా పరిగెత్తింది.

రోవెనా ఇలాంటి వాటికి రెండు రోజుల శిక్షణ తీసుకున్న మనిషి. "ఎవరూ కంగారు పడకండి," అంది, తనే చెమటలు తుడుచుకుంటూ. "ఆయన ముందు ఆ మాట ఎత్తకూడదు. ఏడవకూడదు. మామూలుగా మాట్లాడాలి, నెమ్మదిగా. ఒక్కణ్ణి వదలకూడదు. తలలో రొద అంటున్నాడు గనక ముఖ్యంగా శబ్దం చెయ్యకూడదు."

పావుగంటలో తాక్యో తలుపు ఎవరో గోటితో గీకినట్టు కొట్టారు. తీస్తే రోవెనా, వెనకాల అల్లం జావ గిన్నెతో మామెంగ్. ఇద్దరి మొహాల మీదా అతికించినట్టు నవ్వు.

"కుయా, ఊరికే ఇటు పోతూ వచ్చాం," అంది మామెంగ్.

తాక్యోకి అనుమానం రాలేదు. మెసేజ్ చూసి వాద్యగాళ్ళెవరో వీళ్ళకి చెప్పి పంపారనుకున్నాడు. ఆయన ఇంటికి ఇద్దరు మనుషులు ఒకేసారి రావడం ఇదే మొదలు. కుర్చీ ఒక్కటే ఉంది. దాన్ని రోవెనాకి వేసి, మామెంగ్‌కి యాంప్లిఫయర్ అట్టపెట్టె చూపించాడు.

"రొద అన్నారట," అంది రోవెనా, ఆయన చేతికి రక్తపోటు పట్టీ చుడుతూ. "ఎప్పట్నుంచి?"

"పెట్టె కలిపినప్పట్నుంచి. ఇప్పుడు ఆపేశాను. వినిపించమంటారా?"

"వద్దు వద్దు! ఎలా ఉంటుందో చెప్పండి చాలు."

"సన్నగా ఉంటుంది. ఫ్రిజ్ మొదలవగానే పెరుగుతుంది."

రోవెనా కలం ఆగింది. "ఫ్రిజ్‌కీ దానికీ ఏం సంబంధం?"

"ఇద్దరూ ఒకే లైన్ మీద ఉన్నారు గదమ్మా."

రోవెనా రాసుకుంది. మామెంగ్ గుడ్లు పెద్దవి చేసి ఫ్రిజ్ వంక చూసింది.

"గేటు పెట్టి చూశాను," అన్నాడు తాక్యో, తన కష్టం వినే మనుషులు దొరికిన ఉత్సాహంలో. "గేటు పడితే రొద ఆగుతుంది. కానీ గొంతు తెగిపోతోంది."

మామెంగ్ లేచి వంటగదిలోకి వెళ్ళింది. తిరిగొచ్చినప్పుడు ఆమె గౌను జేబులో రెండు కత్తులూ ఒక కత్తెరా ఉన్నాయి.

"మీరు జావ తాగండి కుయా," అంది. "వేడిగా లేదు. చెంచా కూడా చెక్కదే తెచ్చాను."

జావ బాగుంది. ఇంకొకరి చేతి వంట తిని ఎన్నాళ్ళయిందో లెక్క కట్టబోయి మానేశాడు ఆయన. ఇద్దరూ తను తినడం ఎందుకంత శ్రద్ధగా చూస్తున్నారో అర్థం కాలేదు. అయినా ఎవరో చూస్తుండగా తినడం బాగానే ఉంది. ఓడలో ఎప్పుడూ తినేవాళ్ళని తనే చూసేవాడు.

రోవెనా మెట్ల మీదికి వెళ్ళి కపితాన్‌కి ఫోన్ చేస్తుండగా, తాక్యో పొద్దున తను రాసిన పనికే దిగాడు, పెట్టెని భూమికి కలపడానికి. ఓడలో ప్రతి యంత్రాన్నీ ఓడ ఇనుముకి కలిపేసేవారు. ఈ ఇంట్లో ప్లగ్గులన్నీ రెండు పుల్లలవే, భూమికి వెళ్ళే తీగ అసలు లేదు. రొద అందుకే వస్తోందేమో! పాత ఇనప కడ్డీ ఒకటి ఉంది, దాన్ని నేలలో పాతి తీగ కడితే చాలు. పలుగు తీసుకుని వెనక మెట్లు దిగి, జామచెట్టు పక్కన తవ్వడం మొదలెట్టాడు.

కత్తులు తన కొట్లో దాచి వచ్చిన మామెంగ్ ఆయన్ని అక్కడ చూసింది.

"ఏం చేస్తున్నారు కుయా?" అంది.

"కనిపించడం లేదూ? గొయ్యి."

"ఎంత లోతు?"

"ఎంత లోతయితే అంత ప్రశాంతం," అన్నాడు తాక్యో నుదురు తుడుచుకుంటూ. "ఈ పని మూడేళ్ళ కిందటే చెయ్యాల్సింది. ఈ పలుగు ఒకసారి పట్టుకుంటావా?"

మామెంగ్ పలుగు పట్టుకుంది. పట్టుకుని, దాంతోపాటు వీధిలోకి పరిగెత్తింది.

ఆ తర్వాత కపితాన్ డొమినాడోర్ వచ్చాడు. వెంట ఇద్దరు పేట కాపలావాళ్ళు. కపితాన్ లావుపాటి మనిషి. జన్మలో గొంతు తగ్గించి మాట్లాడి ఎరగడు. ఇప్పుడు తగ్గించడంతో ఆ మాటలు పంక్చరైన టైరులోంచి గాలి వచ్చినట్టు వచ్చాయి.

"తాక్యో గారూ, చిన్న సాయం. స్టేజీకి వైర్లు తక్కువయ్యాయి. మీ దగ్గరున్నవి ఇస్తారా?"

"నా గిటారు వైర్లా?"

"అవన్నీ."

కాపలావాళ్ళు పని మొదలెట్టారు. ప్రాసెసర్ పక్కన చుట్టచుట్టుకుని పడున్న ఇరవై అడుగుల వైరు తీశారు. ఎక్స్‌టెన్షన్ బోర్డు తీశారు. ఫ్రిజ్ వైరు పీకారు, టీవీ వైరు పీకారు. ఒకతను బట్టలు ఆరేసే తాడు విప్పుతున్నాడు.

"అది స్టేజీకెందుకు కపితాన్?"

కపితాన్ రెండు క్షణాలు ఆలోచించాడు. "అలంకరణకి."

"నా బూట్ల లేసులు కూడానా?"

"చిన్న అలంకరణకి."

"మరి నేను దేంతో వాయించాలి?"

కపితాన్ రోవెనా వంక చూశాడు. రోవెనా తల ఊపింది, మరీ కాదంటే మనసు విరుగుతుందన్నట్టు. కపితాన్ వైర్ల గుట్టలో వెతికి జానెడున్నర వైర్లు రెండు తీశాడు. ఒకదాన్ని తన బలిసిన మెడ చుట్టూ పెట్టి చూసుకున్నాడు. అందలేదు. తృప్తిగా తాక్యో చేతికిచ్చాడు.

"ఇవి ఉంచుకోండి. ఏమీ ఆలోచించకండి. మీరంటే మాకందరికీ చాలా ఇష్టం," అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు.

మూడేళ్ళలో కపితాన్ తనతో మాట్లాడింది రెండుసార్లు, రెండూ చెత్తబుట్ట గురించి. ఈ పండుగ రోజు మనిషి మనసు ఎంత మెత్తబడుతుందో అనుకున్నాడు తాక్యో.

మధ్యాహ్నం కునుకు కుదర్లేదు. ఆయన కళ్ళు మూసుకున్న ప్రతిసారీ ఎవరో ఒకరు ముక్కు దగ్గర వేలు పెట్టి చూశారు.

ఈలోగా రోవెనా మాట పేటంతా పాకింది. శబ్దం ఆయన ప్రాణానికే ముప్పు. పిల్లల దగ్గర టపాకాయలు లాక్కున్నారు. ఏ ఇంట్లోనూ కరోకే పాటల మిషను పెట్టలేదు. మోటారు బళ్ళని మూల మీదే ఆపి తోసుకొచ్చారు. కోడిపుంజుల్ని పక్క పేటలో చుట్టాలింటికి పంపారు. పిల్లల డాన్సు పాట లేకుండానే జరిగింది. టీచరు ముందు నిలబడి వేళ్ళతో లెక్క చూపించింది.

తాక్యో కోర్టుకి వచ్చేసరికి మూడువందల మంది కూర్చుని ఉన్నారు, చర్చిలో ఉన్నట్టు. లేసుల్లేని బూట్లు ఈడ్చుకుంటూ స్టేజీ ఎక్కాడు. జానెడున్నర వైరుతో గిటారుని ప్రాసెసర్‌కీ, రెండోదాంతో ప్రాసెసర్‌ని యాంప్లిఫయర్‌కీ కలిపాడు. గిటారు వైరు పొట్టిదవడంతో ప్రాసెసర్ పక్కనే స్టూలు వేసుకుని, దాదాపు దాని మీదే వంగి కూర్చోవాల్సి వచ్చింది. కరెంటు కోసం చూస్తే బోర్డు ఒక్కటే ఉంది. రెండు ప్లగ్గులూ అందులోనే పెట్టాడు. కళ్ళు మూసుకుని స్విచ్ వేశాడు.

ఏమీ లేదు. పెట్టె చచ్చిందనుకున్నాడు. గిటారు తీగ ముట్టుకున్నాడు. గంట కొట్టినట్టు మోగింది. చెయ్యి తీసి చెవి రిక్కించాడు. రొద లేదు.

ఆయన అంత పాత వాద్యగాడు గనక సంగతి వెంటనే వెలిగింది. ఇంట్లో ఇరవై అడుగుల వైరుని చుట్టగా చుట్టి, సరిగ్గా కరెంటు అడాప్టర్ మీద పెట్టాడు. యాంప్లిఫయర్ ఒక గోడకి, ప్రాసెసర్ ఫ్రిజ్ ఉన్న గోడకి కలిపాడు. రొద పుట్టింది అక్కడే. ఇరవై రెండేళ్ళు ఇంకొకళ్ళకి చెప్పిన జాగ్రత్తలే అవి. వైర్లు పొట్టిగా ఉంచు, కరెంటుకి దూరంగా ఉంచు, అన్నిటికీ ఒకే బోర్డు వాడు. ఇంట్లో ఒక్కడే ఉండగా అవేవీ తోచలేదు. కపితాన్ లాక్కుపోతే కుదిరాయి.

వాయించాడు. ఓడ రేవు వదిలేటప్పుడు ఒడ్డున దీపాలు చిన్నవవుతూ పోవడం చూసి కట్టిన పాట అది. ఒక్క స్వరమూ తెగలేదు. ఆఖరి స్వరాన్ని వదిలేస్తే అది కోర్టు దాటి, కొండ దాకా వెళ్ళి, అక్కడెక్కడో సన్నబడి ఆగింది. ఇరవై రెండేళ్ళలో ఇంత బాగా ఎప్పుడూ వాయించలేదని ఆయనకి తెలుసు.

తలెత్తి చూశాడు.

మూడువందల మందిలో ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. దగ్గలేదు కూడా. ముందు వరసలో ఒక చంటిది ఏడవబోతే తల్లి దాని నోట్లో మిఠాయి కుక్కింది. అందరూ కళ్ళప్పగించి చూస్తున్నారు. తాక్యో కొంచెంసేపు నిలబడ్డాడు. ఓడలో కనీసం చెంచాల చప్పుడన్నా ఉండేది. వంగి నమస్కరించి, వైర్లు జేబులో పెట్టుకుని, స్టేజీ వెనక మెట్ల మీద కూర్చుండిపోయాడు. గిటారు అమ్మేస్తే ఎవరైనా కొంటారా, లేక ఊరికే ఇచ్చెయ్యాలా అని ఆలోచిస్తున్నాడు.

మామెంగ్ వచ్చి పక్కన కూర్చుంది. చెవి దగ్గర నోరు పెట్టి, "చాలా బాగుంది," అంది, ఊపిరితోనే.

"బాగుంటే గుసగుసలెందుకు?"

"శబ్దం మీ తలకి మంచిది కాదు గదా."

"నా తలకేమయింది?"

"రొద. మీరే రాశారుగా. భూమిలో కలిసిపోతానని..." ఆమె ఆయన చొక్కా చెయ్యి పట్టుకుంది. "చచ్చిపోకండి కుయా. అప్పుడప్పుడూ గుడ్లకన్నా వస్తూ ఉండండి."

తాక్యో ఫోన్ తీశాడు. జేబులో వెతికితే కళ్ళజోడు అక్కడే ఉంది. పెట్టుకుని, తను పొద్దున రాసింది చదివాడు. మళ్ళీ చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"తలంటే ఇది కాదు మామెంగ్," అన్నాడు తన నెత్తి తట్టుకుని. "ఆ పెట్టె."

"మరి గొయ్యి?"

"కరెంటుకి."

"గొంతు తెగడం?"

"గిటారుది."

మామెంగ్ లేచి, కన్నీళ్ళు గౌనుకి తుడుచుకుని, స్టేజీ ఎక్కి మైకు అందుకుంది.

"ఒరే! ఈయనకేం కాలేదు! పాడయింది పెట్టె! పెట్టె రా, పెట్టె!"

ఒక్క క్షణం ఆగి కోర్టు పేలింది. నవ్వులు, ఈలలు, తిట్లు. చప్పట్లు కూడా ఉన్నాయి గానీ, అవి పాటకో, ప్రాణం దక్కినందుకో, పొద్దుట్నుంచి బిగబట్టిన టపాకాయలు వదులుతున్నందుకో తాక్యోకి తేలలేదు. "నా మెడ కొలత కూడా చూసుకున్నాను గదయ్యా!" అని కపితాన్ అసలు గొంతుతో అరిచాడు. రోవెనా తన కాగితం చింపేసింది. అయిదు నిమిషాల్లో నాలుగు వైపులా పాటల మిషన్లు మొదలయ్యాయి, పంది మాంసం వచ్చింది, జనం అటు లేచారు. ఇంకొకసారి వాయించమని ఎవరూ అడగలేదు. అడిగినా వినపడేది కాదు.

సోమవారం పొద్దున తాక్యో నిద్ర లేచేసరికి గది నిశ్శబ్దంగా ఉంది. వైర్లూ తాడూ లేసులూ ఒక సంచిలో తలుపు బయట పెట్టి ఉన్నాయి. ఎవరు తెచ్చారో తెలియదు, తలుపు కొట్టలేదు. తొమ్మిదయింది. ఎవరూ రాలేదు. కుర్చీ నిన్న రోవెనా వదిలిన చోటే ఉంది. దాన్ని కదపబుద్ధి కాలేదు ఆయనకి.

చాలాసేపు ఆలోచించి ఫోన్ తీశాడు. ఈసారి కళ్ళజోడు పెట్టుకుని, 'మన పేట' గ్రూపే అని చూసుకుని, ఎవరూ పొరబడకుండా ఒక్కో మాటా సరిచూసుకుంటూ రాశాడు: "నాకు ఒంట్లో బాగానే ఉంది. తల బాగానే ఉంది. పెట్టె కూడా బాగయింది. ఈ రోజు నాకు పనేమీ లేదు. ఎవరికైనా తీరిక ఉంటే కాఫీకి రండి."

పది నిమిషాల్లో నలభై ఒక్క మంది బొటనవేలు గుర్తు పెట్టారు. కపితాన్ గుండె గుర్తు పెట్టాడు. తాక్యో రెండు కప్పులు కడిగి పెట్టుకుని పదిన్నర దాకా కిటికీలోంచి వీధి చూశాడు.

అప్పుడు మెట్ల మీద చెప్పుల చప్పుడయింది. మామెంగ్ లోపలికొచ్చి, అడక్కుండానే ఆ కుర్చీలో కూర్చుంది.

"కొట్టు?" అన్నాడు తాక్యో.

"మూశాను." ఆమె కాళ్ళు చాపుకుంది. "నిన్నటిది మళ్ళీ వాయించండి."

ఆయన పొట్టి వైర్లతోనే కలిపి, స్టూలు దగ్గరికి లాక్కుని, అలవాటు కొద్దీ శబ్దం తగ్గించాడు. అన్నం తినేవాళ్ళకి అడ్డు రాకుండా ఉండేంత.

"తగ్గించకండి, పెంచండి," అంది మామెంగ్. "కింద ఎవరైనా సబ్బుకో ఉప్పుకో వచ్చి పిలిస్తే నాకు వినపడకూడదు."